ఒకే మెషీన్‌లో మూడు జీసీసీలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంపైలర్ వెర్షన్ల తంటాల గురించే. అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చాం. కంపైలర్ అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చేది. జీసీసీ గ్నూ వారి కంపైలర్, జీ++ అందులో సీ++ కోసం వాడేది. కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే అచ్చువేశాం. మెషీన్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరాలు కావలసిన చోట ఆ మాట చెప్పాం.

ప్ర: ఉబుంటు 22.04 వాడుతున్నాను. దాంతో వచ్చింది జీసీసీ 11. కొత్త ప్రాజెక్టుకి 12 కావాలి. ల్యాబ్‌లో ఇచ్చిన పాత కోడ్ 9తో తప్ప కంపైల్ కావడం లేదు. ప్రతిసారీ ఒకటి తీసేసి ఇంకొకటి వేసుకోవాలా? (ఎం.టెక్ విద్యార్థి, వరంగల్)

జ: ఏదీ తీసేయకండి. ముఖ్యంగా దాంతో వచ్చిన 11ని అస్సలు ముట్టుకోకండి. మూడూ పక్కపక్కనే ఉండగలవు. ఒక్కోదానికి సొంత పేరుంటుంది, సొంత ఫోల్డర్ ఉంటుంది.

ముందు ఇన్‌స్టాల్ చేయండి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీసీసీ-9 జీ++-9 జీసీసీ-12 జీ++-12

జీసీసీతో పాటు అదే నంబరు జీ++ కూడా రాశామని గమనించండి. చాలామంది జీసీసీ-12 ఒక్కటే వేసి ఊరుకుంటారు. అప్పుడు జీసీసీకి ఏమీ కాదు, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ పాడవుతుంది. క్లాంగ్‌కి సొంత సీ++ లైబ్రరీ ఉబుంటులో మామూలుగా ఉండదు. మెషీన్‌లో ఉన్న జీసీసీ ఫోల్డర్లలో పెద్ద నంబరుదాన్ని ఎంచుకుని దాని హెడర్లే వాడుకుంటుంది. 12 ఫోల్డర్ ఉండి, అందులో సీ++ భాగం లేకపోతే 'ఐఓస్ట్రీమ్ ఫైల్ దొరకలేదు' అంటుంది. క్లాంగ్++ -వి కొట్టి చూస్తే ఏ జీసీసీని ఎంచుకుందో ఒక వరుసలో చెబుతుంది. మందు జీ++-12 వేయడమే.

ఇక వాడకం. కంపైలర్‌ని పూర్తి పేరుతో పిలవడమే మేం అందరికీ చెప్పే పద్ధతి. జీ++-12 మెయిన్.సీపీపీ అంటే 12తో, జీ++-9 అంటే 9తో కంపైల్ అవుతుంది. మార్చేదీ లేదు, మళ్లీ యథాస్థానానికి తేవాల్సిందీ లేదు. మేక్‌ఫైల్ ఉన్న ప్రాజెక్టయితే ఇలా:

మేక్ సీసీ=జీసీసీ-9 సీఎక్స్ఎక్స్=జీ++-9

సీసీ అన్నది సీ కంపైలర్‌ని, సీఎక్స్ఎక్స్ అన్నది సీ++ కంపైలర్‌ని చెప్పే పేర్లు. రెండూ పెద్దక్షరాలు. అవి మేక్ అనే మాటకి తర్వాతే రావాలి. ముందు రాస్తే అవి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అవుతాయి. మేక్‌ఫైల్ లోపల 'సీసీ = జీసీసీ' అని ఎవరైనా రాసి ఉంటే ఆ వరుసే గెలుస్తుంది, మీరిచ్చిన విలువ చప్పుడు లేకుండా పోతుంది. తర్వాత రాస్తే మేక్‌ఫైల్‌లో ఏముందన్నది లెక్కలోకి రాదు. కాన్ఫిగర్ స్క్రిప్టు ఉన్న ప్రాజెక్టుల్లో ./కాన్ఫిగర్ సీసీ=జీసీసీ-9 సీఎక్స్ఎక్స్=జీ++-9 అనండి. ఇంతకుముందే వేరే వెర్షన్‌తో కాన్ఫిగర్ చేసి ఉంటే ముందు మేక్ డిస్ట్‌క్లీన్ తప్పనిసరి. లేకపోతే సగం ఆబ్జెక్టు ఫైళ్లు పాత కంపైలర్‌వి, సగం కొత్తదానివి కలిసిపోతాయి.

ఫోల్డర్‌లోకి వెళ్లగానే వెర్షన్ దానంతటదే మారాలంటే డైరెన్వ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో .ఎన్వ్‌ఆర్‌సీ ఫైల్ పెట్టి, సీసీ, సీఎక్స్ఎక్స్ రెండిటినీ అందులో ఎక్స్‌పోర్ట్ చేసి, ఒకసారి డైరెన్వ్ అలౌ అనండి. బయటికి రాగానే పాత విలువలు తిరిగొస్తాయి.

ప్ర: ఇంటర్నెట్‌లో అందరూ అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ వాడమంటున్నారు. మీరేమో ఆ ఊసే ఎత్తరు. అది తప్పా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జ: తప్పు కాదు. ఉత్త జీసీసీ అంటే ఏ వెర్షన్ రావాలో నిర్ణయించే కమాండ్ అది. కానీ అది ప్రాజెక్టుని కాదు, మొత్తం మెషీన్‌ని మారుస్తుంది. ఆ తేడా తెలిసి వాడండి. ఉత్త జీసీసీ అనే పేరు తప్ప ఇంకేమీ ఒప్పుకోని పాత బిల్డ్ స్క్రిప్టులు ఉన్నప్పుడు అదే దారి.

/యూఎస్‌ఆర్/బిన్/జీసీసీ అన్నది ఫైల్ కాదు, ఒక సింబాలిక్ లింకు. ఆల్టర్నేటివ్స్ వాడితే ఆ లింకు /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్/జీసీసీ వైపు, అది అసలు కంపైలర్ వైపు చూపుతాయి. రిజిస్టర్ చేసే కమాండ్ ఇది. అంతా ఒకే వరుసలో కొట్టాలి:

సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --ఇన్‌స్టాల్ /యూఎస్‌ఆర్/బిన్/జీసీసీ జీసీసీ /యూఎస్‌ఆర్/బిన్/జీసీసీ-12 120 --స్లేవ్ /యూఎస్‌ఆర్/బిన్/జీ++ జీ++ /యూఎస్‌ఆర్/బిన్/జీ++-12 --స్లేవ్ /యూఎస్‌ఆర్/బిన్/జీకావ్ జీకావ్ /యూఎస్‌ఆర్/బిన్/జీకావ్-12

120 అన్నది ప్రాధాన్యం. ఆటో మోడ్‌లో ఏ వెర్షన్‌కి పెద్ద సంఖ్య ఇచ్చారో అదే నెగ్గుతుంది. మిగతా వెర్షన్లకీ ఇదే వరుస నంబర్లు మార్చి కొట్టండి. సిస్టమ్‌తో వచ్చిన 11కే అన్నిటికన్నా పెద్ద సంఖ్య, అంటే 200 ఇవ్వమంటాం. అప్పుడు --ఆటో జీసీసీ అనగానే మెషీన్ మొదటి స్థితికి వస్తుంది. మార్చడానికి సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --కాన్ఫిగ్ జీసీసీ కొట్టి, పట్టికలో నంబరు ఎంచుకోండి.

స్లేవ్ అని రాసినవి జీసీసీతో పాటే మారతాయి. ఆ భాగం వదిలేసినవాళ్ల ఉత్తరాలే మాకు ఎక్కువ. జీసీసీ 12కి మారుతుంది, జీ++ 11లోనే ఉండిపోతుంది. సీ ఫైళ్లు ఒక వెర్షన్‌తో, సీ++ ఫైళ్లు ఇంకో వెర్షన్‌తో తయారవుతాయి. మామూలు కోడ్‌లో ఇది బయటపడకపోవచ్చు. -ఎఫ్ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు మొత్తం కోడ్‌ని మెరుగుపరిచే ఆప్షన్) పెట్టిన రోజున మాత్రం లింకర్ ఆగిపోతుంది, ఎందుకంటే ఎల్‌టీఓ కోసం ఆబ్జెక్టు ఫైల్లో దాచే బైట్‌కోడ్ వెర్షన్ వెర్షన్‌కి మారుతుంది. కోడ్‌లో ఏ వరుసలు నడిచాయో లెక్కించే జీకావ్ కూడా అంతే. కంపైలర్ నంబరు, జీకావ్ నంబరు కలవకపోతే కవరేజీ లెక్కలు రావు.

ఇంకొక్క హెచ్చరిక. డెబియన్‌లోనూ ఉబుంటులోనూ /యూఎస్‌ఆర్/బిన్/జీసీసీ లింకు అసలు హక్కుదారు జీసీసీ అనే ప్యాకేజీ. ఆ ప్యాకేజీ అప్‌డేట్ అయితే మీ అమరిక చెరిగిపోయి లింకు మళ్లీ డిఫాల్ట్ వైపు తిరగవచ్చు. నిన్నటిదాకా 12 చూపిన జీసీసీ --వెర్షన్ ఈరోజు 11 చూపిస్తే కారణం అదే.

ప్ర: ఉబుంటు 22.04లో కెర్నల్ 6.5కి అప్‌డేట్ అయింది. తర్వాత ఎన్విడియా డ్రైవర్ లేదు, స్క్రీన్ రిజల్యూషన్ పడిపోయింది. లాగ్‌లో '-ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్=జీరో తెలియని ఆప్షన్' అని ఉంది. కంపైలర్‌కీ స్క్రీన్‌కీ ఏమిటి సంబంధం? (వీడియో ఎడిటర్, విజయవాడ)

జ: సంబంధం ఉంది. సిస్టమ్ జీసీసీని ఇష్టం వచ్చినట్టు మార్చొద్దని పదేపదే చెప్పేది కూడా ఇందుకే.

ఎన్విడియా, వర్చువల్‌బాక్స్ వంటి డ్రైవర్లని డీకేఎంఎస్ అనే ఏర్పాటు ప్రతి కొత్త కెర్నల్‌కీ మీ మెషీన్‌లోనే మళ్లీ కంపైల్ చేస్తుంది. కెర్నల్ ఏ జీసీసీతో తయారైందో మాడ్యూల్ కూడా ఆ జీసీసీతోనే తయారుకావాలి. 22.04 డిఫాల్ట్ జీసీసీ 11. కానీ ఆ తర్వాత దానికి వచ్చిన 6.5 కెర్నల్‌ని జీసీసీ 12తో కట్టారు. లాగ్‌లో కనిపించిన ఆప్షన్ జీసీసీ 12లోనే పుట్టింది కాబట్టి 11కి అర్థం కాలేదు.

ముందు క్యాట్ /ప్రాక్/వెర్షన్ అనండి. నడుస్తున్న కెర్నల్‌ని ఏ కంపైలర్‌తో కట్టారో అందులో ఉంటుంది. పాత కెర్నల్‌లోకి బూట్ అయి ఉంటే అది పాతదాని సంగతే చెబుతుందని మరవకండి. తర్వాత జీసీసీ-12, జీ++-12 ఇన్‌స్టాల్ చేసి, పై జవాబులో చెప్పినట్టు రిజిస్టర్ చేసి, సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --సెట్ జీసీసీ /యూఎస్‌ఆర్/బిన్/జీసీసీ-12 అనండి. సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టి, డీకేఎంఎస్ స్టేటస్‌లో మీ కెర్నల్ పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని వచ్చాకే రీబూట్ చేయండి. మళ్లీ విఫలమైతే /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద ఆ డ్రైవర్ ఫోల్డర్‌లో మేక్.లాగ్ ఉంటుంది. అందులో మొదటి ఎర్రర్ చదవండి, చివరిది కాదు.

మీ మెషీన్‌లో ఇకమీదట జీసీసీ అనే పేరు 12కే ఉంచండి, అదీ కెర్నల్ కోసం. ఈ ఒక్క సందర్భంలో 11కి 200 ఇవ్వమన్న మా మాట వర్తించదు, ఆ పెద్ద సంఖ్య 12కి ఇవ్వండి.

ప్ర: టెర్మినల్‌లో ఎక్స్‌పోర్ట్ సీఎక్స్ఎక్స్=జీ++-12 అని పెట్టి సీమేక్ నడిపాను. అయినా 11తోనే కంపైల్ అవుతోంది. (బీ.టెక్ మూడో సంవత్సరం, కాకినాడ)

జ: సీమేక్ మీ మెషీన్‌కి తగ్గట్టు బిల్డ్ ఫైళ్లు తయారుచేసే ప్రోగ్రాం. ఆ బిల్డ్ ఫోల్డర్‌లో ఇంతకుముందు ఒక్కసారైనా దాన్ని నడిపి ఉంటారు. సీసీ, సీఎక్స్ఎక్స్ విలువల్ని సీమేక్ మొదటి కాన్ఫిగర్‌లో మాత్రమే చదువుతుంది. దొరికిన కంపైలర్ దారిని సీమేక్‌క్యాష్.టీఎక్స్‌టీలో రాసుకుని తర్వాత దాన్నే నమ్ముతుంది, ఎన్విరాన్‌మెంట్ వైపు తిరిగి చూడదు. హెచ్చరిక కూడా ఇవ్వదు.

బిల్డ్ ఫోల్డర్ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి. సీమేక్ 3.24, ఆపైన ఉంటే చెరపకుండా సీమేక్ --ఫ్రెష్ అంటే చాలు. రెండు వెర్షన్లతో రోజూ పని ఉంటే బిల్డ్-9, బిల్డ్-12 అని రెండు ఫోల్డర్లు విడివిడిగా పెట్టుకోవడం మేలు. కంపైలర్ దారిని -డి సీమేక్_సీఎక్స్ఎక్స్_కంపైలర్ ఆప్షన్‌తో ఇవ్వండి (-డి లోని డి, ఆ వేరియబుల్ పేరంతా పెద్దక్షరాలు). సీమేక్‌లిస్ట్స్ ఫైల్ లోపల మాత్రం రాయకండి. మీ మెషీన్ దారి అవతలివాళ్ల మెషీన్‌లో ఉండదు. వీఎస్ కోడ్‌లో అయితే కమాండ్ ప్యాలెట్ తెరిచి 'సీమేక్: స్కాన్ ఫర్ కిట్స్', తర్వాత 'సెలెక్ట్ ఏ కిట్'.

చివరికి ఏ కంపైలర్ పనిచేసిందో ఖాయం చేసుకోవాలంటే తయారైన ప్రోగ్రాంనే అడగండి: రీడ్‌ఎల్ఫ్ -పి .కామెంట్ అని కొట్టి, పక్కన ప్రోగ్రాం పేరు. జీసీసీ తన వెర్షన్‌ని అందులో రాసిపెడుతుంది. రెండు వెర్షన్లు కనిపించినా కంగారు వద్దు. మీరు కంపైల్ చేయని స్టార్టప్ ఫైళ్లు, స్టాటిక్ లైబ్రరీలు కూడా తమ గుర్తు వదులుతాయి.

ప్ర: నా ల్యాప్‌టాప్ (ఉబుంటు 22.04, జీసీసీ 12)లో చక్కగా నడిచే ప్రోగ్రాం ఆఫీసు సర్వర్లో 'జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_3.4.30 దొరకలేదు' అని చచ్చిపోతోంది. సర్వర్లో కొత్త జీసీసీ వేయమంటే అడ్మిన్ ఒప్పుకోవడం లేదు. (ఐటీ ఉద్యోగి, విశాఖపట్నం)

జ: అడ్మిన్ గారు ఒప్పుకోనక్కర్లేదు, మార్పు మీ వైపు చేయవచ్చు. సీ++ ప్రోగ్రాం నడిచేటప్పుడు లిబ్‌ఎస్‌టీడీసీ++ అనే లైబ్రరీ కావాలి. జీసీసీ వెర్షన్ పెరిగినప్పుడల్లా అందులో కొత్త గుర్తు చేరుతూ వస్తుంది: 11.1తో 3.4.29, 12.1తో 3.4.30, 13.1తో 3.4.31, 13.2తో 3.4.32, 14.1తో 3.4.33. కొత్త లైబ్రరీలో పాత గుర్తులన్నీ ఉంటాయి. పాత లైబ్రరీలో కొత్తవి ఉండవు. కాబట్టి పాత చోట కట్టింది కొత్త చోట నడుస్తుంది, కొత్త చోట కట్టింది పాత చోట నడవకపోవచ్చు. సర్వర్లో ఏ గుర్తు దాకా ఉందో స్ట్రింగ్స్ కమాండ్‌తో ఆ లైబ్రరీ .ఎస్‌ఓ ఫైల్‌ని చదివి, గ్రెప్‌తో జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ (పెద్దక్షరాలు) వెతికితే తెలుస్తుంది.

తేలిక మార్గం లింక్ చేసేటప్పుడు -స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++ -స్టాటిక్-లిబ్‌జీసీసీ ఇవ్వడం. ఆ లైబ్రరీలు ప్రోగ్రాంలోనే కలిసిపోతాయి. ప్లగిన్లలా .ఎస్‌ఓలు లోడ్ చేసుకునే ప్రోగ్రాం అయితే ఇది వద్దు. ఒకే ప్రాసెస్‌లో రెండు కాపీలు ఉండి, ఎక్సెప్షన్లు ఒక వైపు నుంచి మరో వైపు దాటేటప్పుడు తేడా వస్తుంది.

అయితే ఆ ఎర్రర్‌లో సీఎక్స్ఎక్స్ లేకుండా ఉత్త 'జీఎల్ఐబీసీ_2.34' అని ఉంటే కథ వేరు. అది జీసీసీది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ సీ లైబ్రరీది. ఎన్ని కంపైలర్లు మార్చినా పోదు. 22.04లో ఉన్నది 2.35. ఉబుంటు 20.04లో 2.31, రెడ్ హ్యాట్ 8లో 2.28. మార్గం ఒకటే: సర్వర్‌లో ఉన్న సిస్టమ్‌నే డాకర్ కంటైనర్‌గా (మీ మెషీన్‌లోనే విడిగా నడిచే చిన్న సిస్టమ్‌గా) తెచ్చుకుని అందులో కంపైల్ చేయండి. రెడ్ హ్యాట్ 8 కోసమైతే ఆ కంటైనర్లో జీసీసీ-టూల్‌సెట్-12 వేసి, ఎస్‌సీఎల్ ఎనేబుల్ జీసీసీ-టూల్‌సెట్-12 బాష్ అనండి. ఆ టూల్‌సెట్‌ని ప్రత్యేకంగా కట్టారు. కొత్త జీసీసీకి కావలసిన అదనపు భాగాలు మాత్రం ప్రోగ్రాంలో కలిపి, మిగతాది సిస్టమ్‌లోని పాత లైబ్రరీకే వదిలేస్తుంది. కొత్త సీ++ రాస్తూ పాత సర్వర్లో నడపాల్సినవాళ్లకి ఇంతకన్నా శుభ్రమైన ఏర్పాటు లేదు.

ఉబుంటులో టూల్‌చెయిన్ టెస్ట్ పీపీఏ (ఉబుంటు సొంత భండారానికి బయట ఉన్న ప్యాకేజీల భండారం) జోడించి 13 వేసుకునేవాళ్లకి ఒక మాట. అది కంపైలర్‌ని పక్కన పెట్టి ఊరుకోదు, సిస్టమ్ లిబ్‌ఎస్‌టీడీసీ++ని కూడా కొత్తదానితో మార్చేస్తుంది. మీ దగ్గర 11తో కట్టినవి అన్నీ నడుస్తూనే ఉంటాయి. 13తో కట్టింది పీపీఏ లేని తోటివాళ్ల 22.04లో నడవకపోవచ్చు.

ప్ర: మా పాత సీ కోడ్ జీసీసీ 9తో ఒక్క ఎర్రర్ లేకుండా అవుతుంది. 14తో పదుల కొద్దీ ఎర్రర్లు. కొత్తది చెడ్డదా? 9లోనే ఉండిపోవచ్చా? (ఎంబెడెడ్ ఇంజనీర్, బెంగళూరు)

జ: కొన్నాళ్లు ఉండండి, ఉండిపోవద్దు. ఆ ఎర్రర్లలో చాలావరకు మీ కోడ్‌లో ముందు నుంచీ ఉన్న తప్పులే. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలవడం, పాయింటర్ స్థానంలో ఇంటిజర్ ఇవ్వడం, పొసగని పాయింటర్లు అప్పగించడం 14 ముందు దాకా హెచ్చరికలుగా పోయేవి. 2024లో వచ్చిన 14 వాటిని ఎర్రర్లు చేసింది. 64 బిట్ మెషీన్‌లో డిక్లరేషన్ లేని ఫంక్షన్ పాయింటర్ తిరిగిస్తే పై 32 బిట్లు పోతాయి. దాన్ని పట్టుకున్నందుకు 14ని మెచ్చుకోవాలి. -ఎఫ్‌పర్మిసివ్ పెడితే వాటిలో చాలావరకు మళ్లీ హెచ్చరికలవుతాయి. కోడ్ సరిచేసేదాకా మాత్రమే అది వాడండి.

మధ్యలోని మెట్లు కూడా చూసుకోండి. 10లో -ఎఫ్‌నో-కామన్ డిఫాల్ట్ అయింది. హెడర్లో ఎక్స్‌టర్న్ లేకుండా గ్లోబల్ వేరియబుల్ రాసి ఉంటే లింకర్ 'మల్టిపుల్ డెఫినిషన్' అంటుంది. 11లో సీ++ భాష డిఫాల్ట్ ప్రమాణం సీ++17 అయింది. 13లో సీ++ హెడర్లు ఒకదాన్నొకటి పిలుచుకోవడం తగ్గింది కాబట్టి 'యూఇంట్32_టీ ఏమిటో తెలియదు' అన్న ఎర్రర్ వస్తుంది. సీఎస్‌టీడీఇంట్ హెడర్‌ని మీరే ఇన్‌క్లూడ్ చేయాలి. 15లో సీ డిఫాల్ట్ సీ23 అయింది. వెర్షన్ ఏదైనా -ఎస్‌టీడీ= ఆప్షన్ ఎప్పుడూ స్వయంగా రాయండి. డిఫాల్ట్ మారినందువల్ల వచ్చే తలనొప్పి సగం పోతుంది. మారేటప్పుడు 9 నుంచి 14కి ఒక్క దూకు దూకకుండా 10, 11, 13 మీదుగా వెళ్తే ఒక్కో మెట్టులో ఒక్క రకం ఎర్రరే ఎదురవుతుంది.

ప్ర: కుడా 11.8 'అన్‌సపోర్టెడ్ గ్నూ వెర్షన్' అంటోంది. సిస్టమ్ జీసీసీ 13. (పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

జ: ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల మీద లెక్కలు నడిపే కుడాలో 11.8 వెర్షన్ జీసీసీ 11 దాకానే ఒప్పుకుంటుంది. జీ++-11 వేసి, కుడా కంపైలర్ ఎన్‌వీసీసీకి -సీసీబిన్ జీ++-11 అని ఇవ్వండి. సీమేక్ అయితే కుడాహోస్ట్‌సీఎక్స్ఎక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (అన్నీ పెద్దక్షరాలు), అదీ కొత్త బిల్డ్ ఫోల్డర్లో. తనిఖీ దాటేసే -అలౌ-అన్‌సపోర్టెడ్-కంపైలర్ ఆప్షన్ ఉంది కానీ, దాంతో వచ్చిన ఫలితాల మీద పరిశోధన పత్రం రాయొద్దు.

ప్ర: యూనివర్సిటీ క్లస్టర్‌లో మాడ్యూల్ లోడ్ జీసీసీ చేశాక మా ఫోర్ట్రాన్ కోడ్ '.మాడ్ ఫైల్ వేరే వెర్షన్ గ్నూ ఫోర్ట్రాన్‌తో తయారైంది' అంటోంది. (వాతావరణ మోడలింగ్ విద్యార్థిని, తిరుపతి)

జ: ఫోర్ట్రాన్ .మాడ్ ఫైళ్లు కంపైలర్‌కి కట్టుబడి ఉంటాయి. మీ కోడ్ కొత్తగా లోడ్ చేసిన జీసీసీతో, అది వాడుకునే లైబ్రరీ (వాతావరణ డేటా ఫైళ్లు చదివే నెట్‌సీడీఎఫ్ లాంటిది) క్లస్టర్లోని పాత జీఫోర్ట్రాన్‌తో తయారై ఉంటుంది. మాడ్యూల్ పర్జ్ తో అన్నీ దించేసి, ముందు జీసీసీ, తర్వాత అదే జీసీసీతో కట్టిన ఎంపీఐ (పనిని చాలా ప్రాసెసర్లకి పంచే లైబ్రరీ), నెట్‌సీడీఎఫ్ మాడ్యూళ్లు లోడ్ చేయండి. మాడ్యూల్ అవైల్ పట్టికలో పేరు వెంట కంపైలర్ గుర్తు చాలాచోట్ల ఉంటుంది. లేకపోతే లైబ్రరీని మీ హోమ్ ఫోల్డర్లో మీరే కట్టుకోవాలి. ఎంపీఐఎఫ్90 -షో అని కొట్టి అది లోపల ఏ కంపైలర్‌ని పిలుస్తోందో చూసుకోండి. ఇవే మాడ్యూల్ వరుసలు జాబ్ స్క్రిప్టులోనూ రాయండి. లాగిన్ నోడ్‌లో లోడ్ చేసింది జాబ్‌కి అందుతుందని నమ్మకండి.

10, ఆపై వెర్షన్లలో 'ఆర్గ్యుమెంట్ టైప్ మిస్‌మ్యాచ్' ఎర్రర్లు కూడా వస్తే -ఎఫ్అలౌ-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్ పెట్టండి. పాత మోడల్ కోడ్‌లకి అది మామూలే.

ప్ర: అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో జావా 17కి మార్చాను. మావెన్ మాత్రం ఇంకా 11 అంటోంది. (ఫ్రెషర్, గుంటూరు)

జ: మావెన్ (జావా ప్రాజెక్టులు కట్టే ప్రోగ్రాం) ముందు జావా_హోమ్ (పెద్దక్షరాలు) చూస్తుంది. అది లేకపోతేనే పాత్, అంటే కమాండ్లను వెతికే ఫోల్డర్ల పట్టిక, చూస్తుంది. జావా_హోమ్‌ని 17 ఫోల్డర్‌కి మార్చి, ఎంవీఎన్ -వి తో సరిచూసుకోండి. జావా, జావాక్ రెండూ ఆల్టర్నేటివ్స్‌లో వేర్వేరు పేర్లు. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్' వస్తుంది. ఆ ఎర్రర్లో 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. పాత జావా కోసం కంపైల్ చేయాలంటే కంపైలర్ మార్చనక్కర్లేదు. కొత్త జావాక్‌కే --రిలీజ్ 11 ఇవ్వండి. -సోర్స్, -టార్గెట్ జంట వాడితే 11లో లేని క్లాసులు వాడినా పట్టుకోదు. --రిలీజ్ పట్టుకుంటుంది.

ప్ర: విండోస్‌లో ఎంసిస్2 నుంచి కొత్త జీసీసీ వేశాను. జీసీసీ --వెర్షన్ పాతదే చూపిస్తోంది. (డిప్లొమా విద్యార్థి, కర్నూలు)

జ: కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ జీసీసీ కొట్టండి. పాత్‌లో ఉన్నవన్నీ వరుసగా వస్తాయి, మొదటిదే నడుస్తుంది. స్ట్రాబెర్రీ పెర్ల్ వేసుకున్నవాళ్లకి దాంతో పాటే ఒక జీసీసీ వచ్చి పాత్‌లో ముందు కూర్చుంటుంది, ఎక్కువసార్లు దొరికే దొంగ అదే. ఎంసిస్2 బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో దానికన్నా పైకి జరిపి, కొత్త ప్రాంప్ట్ తెరవండి. పాత కిటికీకి మార్పు తెలియదు. లినక్స్‌లో కొత్త జీసీసీని /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో పెట్టినప్పుడు కూడా బాష్ పాత దారినే గుర్తుపెట్టుకుని ఉంటుంది. అక్కడ హ్యాష్ -ఆర్ కొడితే చాలు.